అడవి, గొడ్డలి, ఉపగ్రహం
అమెజాన్ వర్షారణ్యాన్ని కాపాడుకునే ప్రయత్నాల చరిత్ర

చరిత్రలో కొన్ని సంవత్సరాలు మనకు ఇట్టే గుర్తుండిపోతాయి. 1857 అనగానే సిపాయిల తిరుగుబాటు, 1947 అనగానే స్వాతంత్ర్యం. మరి 1988 అంటే మీకు ఏం గుర్తుకొస్తుంది? మీ చరిత్ర పాఠ్యపుస్తకంలో ఆ సంవత్సరానికి చోటు లేకపోవచ్చు. కానీ భూగోళం వేడెక్కడం గురించి తెలుసుకోవాలనుకునే ప్రతి విద్యార్థీ గుర్తుపెట్టుకోవలసిన సంవత్సరం అది.

ఆ ఏడాది జూన్ 23న శాస్త్రజ్ఞుడు జేమ్స్ హాన్సెన్ అమెరికా సెనేట్ కమిటీ ముందు, భూమి వేడెక్కడం అప్పటికే మొదలైందని సాక్ష్యం చెప్పారు. వాతావరణ మార్పులను అధ్యయనం చేసే అంతర్ ప్రభుత్వ సంఘం ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో ఏర్పడిందీ ఆ సంవత్సరమే. అమెజాన్ అడవిలో ఏటా ఎంత మేర నరుకుతున్నారో ఉపగ్రహ చిత్రాల ద్వారా బ్రెజిల్ అంతరిక్ష పరిశోధన సంస్థ కడుతున్న లెక్కలు 1988 నుంచే మొదలవుతాయి. అదే సంవత్సరం డిసెంబర్ 22 రాత్రి, ఆ అడవిలోని షాపురి అనే చిన్న ఊళ్లో షికో మెండెస్ అనే రబ్బరు కార్మికుణ్ణి ఆయన ఇంటి పెరటి గుమ్మంలోనే కాల్చి చంపారు. చెట్లు నరకనివ్వకుండా అడ్డుపడటమే ఆయన చేసిన నేరం.

భూమి వేడి, ఉపగ్రహపు లెక్క, ఒక కార్మికుడి ప్రాణం. ఈ మూడింటికీ ఉన్న సంబంధమేమిటో తెలియాలంటే ముందు ఒక చెట్టు సంగతి తెలుసుకోవాలి.

చెట్టులో దాగిన బొగ్గు

కిరణజన్య సంయోగక్రియ గురించి మీరు చదువుకున్నారు. ఆకులు గాలిలోని కార్బన్ డై ఆక్సైడును తీసుకుని, సూర్యరశ్మి సాయంతో ఆహారం తయారుచేసుకుంటాయి. అందులో కొంత భాగం కాండంగా, కొమ్మలుగా, వేళ్లుగా మారుతుంది. బాగా ఎండిన కలప బరువులో దాదాపు సగం కార్బనే. కాబట్టి పెద్ద చెట్టు అంటే ఎన్నో దశాబ్దాలుగా గాలి నుంచి తీసి దాచిపెట్టిన కార్బన్ నిల్వ అన్నమాట.

ఇప్పుడు అమెజాన్ సంగతి చూడండి. ఆ నదీ పరీవాహక ప్రాంతం విస్తీర్ణం 60 లక్షల చదరపు కిలోమీటర్లకు పైమాటే. మన దేశ విస్తీర్ణానికి ఇది దాదాపు రెట్టింపు. అడవిలో సుమారు 60 శాతం బ్రెజిల్‌లోనే ఉంది. అక్కడి చెట్లలోను, నేలలోను 15,000 నుంచి 20,000 కోట్ల టన్నుల కార్బన్ ఉంటుందని అంచనా. బొగ్గు, పెట్రోలియం, సహజవాయువులను మండించి ప్రపంచ దేశాలన్నీ కలిసి ఏడాదికి వదులుతున్న కార్బన్ సుమారు 1,000 కోట్ల టన్నులు. అంటే ప్రపంచం 15, 20 ఏళ్లపాటు వదిలే పొగతో సమానమైన కార్బన్ ఈ ఒక్క అడవిలోనే ఉంది. ఒక టన్ను కార్బన్ మండితే సుమారు 3.67 టన్నుల కార్బన్ డై ఆక్సైడు తయారవుతుందని కూడా గుర్తుంచుకోండి.

ఇక్కడ ఒక అపోహను సరిదిద్దుకోవాలి. అమెజాన్‌ను 'భూమికి ఊపిరితిత్తులు' అనీ, మనం పీల్చే ఆక్సిజనులో అయిదో వంతు అక్కడి నుంచే వస్తుందనీ తరచు వింటుంటాం. ఇది నిజం కాదు. ముదిరిన అడవి విడుదల చేసే ఆక్సిజనును దాదాపు అంతా అక్కడి జీవుల శ్వాసక్రియ, రాలిన ఆకుల కుళ్లుడే వాడేసుకుంటాయి. అమెజాన్ విలువ అది ఇచ్చే ఆక్సిజనులో లేదు. గాలిలోకి పోకుండా పట్టి ఉంచిన కార్బన్‌లో ఉంది.

మీకు రెండు సందేహాలు రావచ్చు. చెట్టు నరికినా కలప ఉంటుంది కదా, కార్బన్ ఎక్కడికి పోతుంది? బల్లగానో తలుపుగానో మారిన కలపలో కార్బన్ కొన్నాళ్లు నిలిచి ఉండే మాట నిజమే. కానీ చెట్టులో బల్లగా మారేది కొద్ది భాగమే. కొమ్మలు, వేళ్లు, ఆకులు, కోత మిల్లులో రాలిన పొట్టు కుళ్లిపోతాయి, లేదా మంటలకు ఆహుతవుతాయి. ఇక రెండోది. నరికిన చోట మళ్లీ మొక్కలు నాటితే సరిపోదా? నాటడం మంచిదే. కానీ ఒక రోజులో కాలి గాలిలో కలిసిన కార్బన్‌ను మళ్లీ దాచిపెట్టడానికి ఆ మొక్కలకు ఎన్నో దశాబ్దాలు కావాలి. అప్పటిదాకా భూమి ఆగదు.

ఈ అడవి మరో పని కూడా చేస్తుంది. 1970లలో బ్రెజిల్ శాస్త్రజ్ఞుడు ఎనియాస్ సలాటి అక్కడి వాన నీటిలోని ఆక్సిజన్ ఐసోటోపులను పరిశీలించారు. అట్లాంటిక్ సముద్రం నుంచి వచ్చిన తేమ ఒకసారి కురిసి నదిలో కలిసిపోవడం లేదనీ, చెట్లు ఆ నీటిని ఆవిరిగా వదలగా అది మళ్లీ మబ్బై కొంత లోపలికి వెళ్లి కురుస్తోందనీ తేల్చారు. ఆ ప్రాంతపు వానలో దాదాపు సగం ఇలా అడవి తానుగా తిప్పి కురిపించుకునేదే. అందుచేత చెట్టు పోతే నీడ ఒక్కటే పోదు, దూరాన మరో చోట కురవవలసిన వాన కూడా తగ్గుతుంది.

రబ్బరు పాలు, అప్పు లెక్కలు

పారా రబ్బరు చెట్టు పుట్టిల్లు అమెజాన్. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరును గంధకంతో కలిపి వేడిచేసి గట్టిపరిచే పద్ధతిని కనుక్కున్నాక ప్రపంచమంతటా దానికి గిరాకీ పెరిగింది. అడవిలో చెదురుమదురుగా ఉన్న చెట్లను వెతికి, బెరడు గీసి, పాలు పట్టేందుకు మనుషులు కావలసి వచ్చింది.

ఆ మనుషులు ఎక్కడి నుంచి వచ్చారు? 1877లో బ్రెజిల్ ఈశాన్య ప్రాంతంలో భయంకరమైన కరువు వచ్చింది. మన రాయలసీమ పెద్దలు తరతరాలుగా చెప్పుకున్న ధాత కరువు కూడా ఆ రోజులదే. 1876-78 నాటి ఈ రెండు కరువులకూ పసిఫిక్ సముద్రంలో తలెత్తిన ఎల్‌నినో కారణమని నేటి శాస్త్రజ్ఞుల అభిప్రాయం. ఆ కరువుకు తాళలేక వేలాది కుటుంబాలు అమెజాన్ అడవికి వలస వచ్చి రబ్బరు గీత కార్మికులుగా మారాయి.

వాళ్ల బతుకు వెట్టిచాకిరీయే. కత్తి, తుపాకీ, ఉప్పు, పిండి అన్నీ యజమాని దుకాణంలోనే అప్పుగా తెచ్చుకోవాలి. తెచ్చిన రబ్బరుకు ధర కట్టేదీ యజమానే. ఆ ఎస్టేట్లలో బడులు ఉండేవి కావు. కూడిక, తీసివేత వస్తే కార్మికుడు తన అప్పు ఎంతో తానే చూసుకుంటాడు కదా!

1876లో హెన్రీ వికమ్ అనే ఆంగ్లేయుడు సుమారు 70,000 రబ్బరు గింజలను ఓడలో లండన్‌కు తరలించాడు. అక్కడి క్యూ ఉద్యానవనంలో మొలిచిన మొక్కలు శ్రీలంకకు, మలయాకు చేరాయి. కేరళలో 1902 నుంచి తోటలు వెలిశాయి. ఆసియా తోటల రబ్బరు చౌకగా రావడంతో 1912 తర్వాత అమెజాన్ వ్యాపారం కుప్పకూలింది. యజమానులు చాలామంది వెళ్లిపోయారు. కార్మికులు మాత్రం పాలు గీసుకుంటూ, అడవి కాయలు ఏరుకుంటూ అక్కడే ఉండిపోయారు. ఒక్క విషయం గమనించండి. రబ్బరు పాలు కావాలంటే చెట్టు బతికి ఉండాలి. కలప వ్యాపారికి చెట్టు పడిపోతేనే లాభం. తర్వాతి కాలపు సంఘర్షణకు మూలం ఇక్కడే ఉంది.

రోడ్డు వెంట రంపం

1964లో బ్రెజిల్‌లో సైన్యం అధికారం చేజిక్కించుకుంది. అమెజాన్‌ను ఖాళీ భూమిగా భావించి, జనంతో నింపాలని నిర్ణయించింది. 1970లో ఈశాన్య ప్రాంతంలో మళ్లీ కరువు వచ్చినప్పుడు, భూమి లేని పేదలను అడవికి తరలించే పేరుతో ట్రాన్స్ అమెజాన్ రహదారి నిర్మాణం మొదలుపెట్టారు. పశువుల పెంపకం చేసే కంపెనీలకు పన్ను రాయితీలు ఇచ్చారు. అడవి నరికి చదును చేస్తే 'భూమిని అభివృద్ధి చేసినట్టు' లెక్క. దాని మీద హక్కు పొందడానికి అదే సాక్ష్యం.

నరికివేత ఒక వరసలో జరుగుతుంది. మొదట కలప వ్యాపారులు వస్తారు. మహాగని వంటి ఖరీదైన చెట్ల కోసం అడవిలోకి మట్టిబాటలు వేస్తారు. ఆ బాటల వెంట భూమి ఆక్రమించేవాళ్లు వస్తారు. ఎండాకాలం మొదట్లో మిగిలిన చెట్లు కొట్టి, ఎండనిచ్చి, నిప్పు పెడతారు. బూడిద చల్లిన నేలలో గడ్డి మొలిపించి పశువులను వదులుతారు. ఇది మన కొండ ప్రాంతాల పోడు వ్యవసాయం లాంటిది కాదు. సంప్రదాయ పోడులో కొన్నేళ్లకు నేలను వదిలేస్తే అడవి తిరిగి మొలిచేది. ఇక్కడ ఆ అవకాశమే ఉండదు. పైగా వర్షారణ్యపు నేల సారం చాలావరకు చెట్లలోనే ఉంటుంది. బూడిద సత్తువ కొద్ది ఏళ్లలోనే వానలకు కొట్టుకుపోతుంది. అప్పుడు మరో అడవి ముక్క మీద కన్ను పడుతుంది.

ఆకాశం నుంచి చూస్తే రొండోనియా రాష్ట్రంలో ఈ పద్ధతి చేప ముల్లులా కనిపిస్తుంది. నడుమ పెద్ద రోడ్డు, దానికి రెండు వైపులా ముళ్లలా చిన్న బాటలు, బాటల పక్కన బోడి నేల. అమెజాన్‌లో జరిగిన నరికివేతలో దాదాపు 95 శాతం రోడ్లకు 5.5 కిలోమీటర్ల లోపు, లేదా నదులకు ఒక కిలోమీటరు లోపు జరిగిందని ఒక పరిశీలనలో తేలింది. రోడ్డు ఎటు వేస్తున్నారో చూస్తే అడవి ఎటు పోబోతోందో చెప్పవచ్చన్నమాట.

గొడ్డలికి అడ్డంగా

మన దేశంలో 1973లో హిమాలయ ప్రాంతంలోని మండల్ గ్రామస్తులు, 1974లో రేణీ గ్రామంలో గౌరాదేవి వెంట నడిచిన స్త్రీలు చెట్లను కౌగిలించుకునేందుకు సిద్ధపడి నరికివేతను ఆపారు. అదే చిప్కో ఉద్యమం. దాని సంగతి మీరు చదివే ఉంటారు. అక్కడికి వేల మైళ్ల దూరంలో, అమెజాన్ పశ్చిమ అంచున ఉన్న ఆక్రె రాష్ట్రంలో 1976 నుంచి రబ్బరు గీత కార్మికులు దాదాపు అలాంటి పనే చేశారు. యంత్రపు రంపాల చప్పుడు వినిపించిన చోటికి ఆడా మగా పిల్లలూ గుంపుగా వెళ్లేవారు. కూలీలను చుట్టుముట్టి, ఈ చెట్లు పోతే మా బతుకులే కాదు, రేపు మీ బతుకులూ పోతాయని నచ్చజెప్పేవారు. పని ఆపించి, గుడారాలు విప్పించి పంపేసేవారు.

ఈ ఉద్యమానికి తొలి నాయకుడైన విల్సన్ పిన్యేరోను 1980లో హత్య చేశారు. తర్వాత ముందుకు వచ్చినవారు షికో మెండెస్. 1944లో రబ్బరు కార్మికుల ఇంట పుట్టిన ఆయన బడి ముఖం చూడలేదు. అడవిలో తలదాచుకున్న ఒక రాజకీయ కార్యకర్త దగ్గర, పాత వార్తాపత్రికలు చదువుతూ యుక్తవయసులో అక్షరాలు నేర్చుకున్నారు. అప్పు లెక్కలో జరుగుతున్న మోసాన్ని తోటివారికి వివరించడంతో ఆయన ప్రజాజీవితం మొదలైంది.

1985లో రాజధాని బ్రెసీలియాలో జరిగిన రబ్బరు కార్మికుల తొలి జాతీయ సభలో ఒక కొత్త ఆలోచన వచ్చింది. భూమి ప్రభుత్వం పేరనే ఉంటుంది. చెట్టు కొట్టకుండా పాలు, కాయలు, నూనెగింజలు సేకరించుకునే హక్కు అక్కడి ప్రజలకు ఉంటుంది. 'అడవిని మనుషుల నుంచి కాపాడటం' అనే పాత మాటకు బదులు, 'అడవిలో ఉన్న మనుషుల చేతే అడవిని కాపాడించడం' అనే మాట ఇది. 1987లో మెండెస్ వాషింగ్టన్ వెళ్లి, ఆక్రె రాష్ట్రానికి రోడ్డు కోసం ఇస్తున్న అంతర్జాతీయ రుణం అడవికి ఏం చేస్తుందో వివరించారు. రుణం చెల్లింపు నిలిచిపోయింది.

మరుసటి సంవత్సరమే ఆయన హత్య జరిగింది. అప్పటికి ఆయన నలభై నాలుగో పుట్టినరోజు జరిగి వారమే. ఒక పశువుల ఆసామికీ, అతని కొడుక్కీ 1990లో 19 ఏళ్ల జైలుశిక్ష పడింది. అదే ఏడాది మార్చిలో తొమ్మిది లక్షల హెక్టార్లకు మించిన అడవిని షికో మెండెస్ పేరుతోనే కార్మికుల రిజర్వుగా ప్రకటించారు. 1988 నాటి కొత్త రాజ్యాంగం ఆదివాసుల భూములపై వారి హక్కును గుర్తించింది. నేడు ఉపగ్రహ చిత్రాల్లో ఆదివాసుల భూముల సరిహద్దులు చాలా చోట్ల గీత గీసినట్టు కనిపిస్తాయి. గీతకు లోపల పచ్చదనం, బయట బోడి నేల.

ఆకాశంలో కన్ను

ఇక లెక్క సంగతి. ప్రోదెస్ అనే పథకం కింద బ్రెజిల్ అంతరిక్ష సంస్థ ఏటా ఆగస్టు నుంచి జూలై వరకు పూర్తిగా నరికివేసిన ప్రాంతాన్ని కొలుస్తుంది. 1995లో సుమారు 29,000 చదరపు కిలోమీటర్లు పోయినట్టు తేలింది. అంటే నేటి తెలంగాణ విస్తీర్ణంలో నాలుగో వంతుకు పైన, ఒక్క ఏడాదిలో! ఆ అంకె వల్ల కలిగిన సంచలనంతో 1996లో ప్రభుత్వం నిబంధన మార్చింది. అమెజాన్‌లో భూమి ఉన్న ఆసామి అందులో 50 శాతం కాదు, 80 శాతం అడవిగానే ఉంచాలంది.

అయినా నరికివేత ఆగలేదు. 2004లో మళ్లీ దాదాపు 27,800 చదరపు కిలోమీటర్లు పోయాయి. ఎందుచేత? ఏడాది గడిచాక వచ్చే లెక్క పోస్ట్‌మార్టం నివేదిక వంటిది. ఎలా చనిపోయిందో చెబుతుంది కాని ప్రాణం పోయదు.

ఈ లోపాన్ని సరిదిద్దే పని 2003లో పర్యావరణ మంత్రి అయిన మరీనా సిల్వాపై పడింది. ఆమె కూడా ఆక్రె అడవిలో రబ్బరు కార్మికుల బిడ్డే. పదహారో ఏట చదువు నేర్చుకుని, మెండెస్ పక్కన నిలిచి పోరాడినవారు. 2004లో ఎన్నో మంత్రిత్వ శాఖలను కలిపి ఒకే కార్యాచరణ పథకం తయారుచేశారు. దెతెర్ అనే కొత్త ఉపగ్రహ నిఘా మొదలైంది. ఇది ఏడాదికోసారి కాక, కొద్ది రోజుల వ్యవధిలోనే కొత్త నరికివేత జాడ పట్టి అటవీ రక్షకులకు కబురందిస్తుంది. చెట్లు పడుతుండగానే అధికారులు అక్కడికి చేరుకునే వీలు కలిగింది.

నిఘా ఒక్కటే కాదు. 2005లో పారా రాష్ట్రంలో పేద రైతుల పక్షాన నిలిచిన సన్యాసిని డొరొతీ స్టాంగ్‌ను కాల్చి చంపడంతో ప్రభుత్వం కొత్త రక్షిత ప్రాంతాలను వేగంగా ప్రకటించింది. 2006లో సోయా చిక్కుళ్ల పెద్ద వ్యాపారులు, కొత్తగా అడవి కొట్టిన నేలలో పండిన పంట కొనబోమని ఒప్పుకున్నారు. 2008లో పర్యావరణ నిబంధనలు పాటించని ఆసాములకు బ్యాంకు రుణాలు నిలిపేశారు. అదే ఏడాది అమెజాన్ నిధి ఏర్పడింది. నరికివేత తగ్గించినందుకు ప్రతిఫలంగా నార్వే వంద కోట్ల డాలర్ల వరకు ఇస్తామంది.

ఫలితం? 2012 నాటికి నరికివేత సుమారు 4,600 చదరపు కిలోమీటర్లకు పడిపోయింది. ఎనిమిదేళ్లలో 80 శాతం పైగా తగ్గుదల! సోయా, మాంసం ఉత్పత్తి మాత్రం ఆ కాలంలో పెరిగింది. అడవి కొట్టకపోతే దేశం వెనకబడుతుందన్న వాదన ఇలా తప్పని తేలింది. 2005 నుంచి 2013 వరకు ఈ తగ్గుదల వల్ల గాలిలో కలవకుండా ఆగిన కార్బన్ డై ఆక్సైడు సుమారు 320 కోట్ల టన్నులని అంచనా. భూమి వేడిని తగ్గించేందుకు ఏ ఒక్క దేశమైనా చేసిన అతిపెద్ద ప్రయత్నాల్లో ఇది ఒకటి.

ఈ నిఘాలో మన దేశానికీ పాలుంది. భారత దూరసంవేదన ఉపగ్రహాల చిత్రాలను కూడా బ్రెజిల్ శాస్త్రజ్ఞులు వాడుకున్నారు. బ్రెజిల్ పూర్తిగా తానే రూపొందించుకున్న తొలి భూపరిశీలన ఉపగ్రహం అమెజోనియా-1. 637 కిలోల ఆ ఉపగ్రహం 2021 ఫిబ్రవరి 28న మన ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీహరికోట నుంచే, పి.ఎస్.ఎల్.వి. రాకెట్ మీద ఆకాశానికి ఎగసింది. ఆ అడవిని చూసే కన్ను పులికాట్ సరస్సు ఒడ్డు నుంచి బయలుదేరిందన్నమాట!

లెక్క మీద కోపం

ఇంతటితో కథ సుఖాంతం అయితే బాగుండేది. 2012లో అటవీ చట్టాన్ని సడలించి, 2008కి ముందు జరిగిన అక్రమ నరికివేతలో చాలా భాగానికి క్షమాభిక్ష పెట్టారు. నిఘా సిబ్బందికి నిధులు తగ్గాయి. గీత మెల్లగా పైకి లేచింది. 2019లో దెతెర్ లెక్కలు నరికివేత బాగా పెరిగిందని చూపినప్పుడు, అధ్యక్షుడు బోల్సొనారో ఆ అంకెలే తప్పన్నారు. వాటిని సమర్థించిన అంతరిక్ష సంస్థ డైరెక్టర్, భౌతిక శాస్త్రజ్ఞుడు రికార్డో గల్వావోను ఆగస్టులో పదవి నుంచి తొలగించారు. అమెజాన్ నిధి స్తంభించిపోయింది. 2021లో నరికివేత 13,000 చదరపు కిలోమీటర్లు దాటింది.

రబ్బరు యజమాని తన ఎస్టేట్లో బడి ఎందుకు పెట్టనివ్వలేదో గుర్తుందా? లెక్క వచ్చిన మనిషి అంటే అతనికి భయం. లెక్క చెప్పే శాస్త్రజ్ఞుడంటే కూడా కొందరికి అదే భయం. అయితే ఇక్కడ ఒక తేడా ఉంది. ఆ ఉపగ్రహ లెక్కలు ఏళ్ల తరబడి అందరికీ అందుబాటులో ఉన్నాయి. ప్రపంచంలో ఏ శాస్త్రజ్ఞుడైనా వాటిని సరిచూసుకోవచ్చు. అందుకే డైరెక్టరును తొలగించగలిగారు కాని అంకెను మార్చలేకపోయారు.

2023 జనవరిలో కొత్త ప్రభుత్వం వచ్చింది. మరీనా సిల్వా మళ్లీ మంత్రి అయ్యారు. అమెజాన్ నిధి తిరిగి తెరుచుకుంది. ఈ గీత పెరుగుతూ తరుగుతూ వచ్చిన తీరు చూడండి.

అమెజాన్ నరికివేత (బ్రెజిల్, చదరపు కిలోమీటర్లలో సుమారుగా)
1995 : 29,100
2004 : 27,800
2012 : 4,600
2021 : 13,000
2025 : 5,800

అడవి ఒకటే, చెట్లు అవే, జనం అవసరాలూ పెద్దగా మారలేదు. మారినవి విధానాలు. కాబట్టి అడవులు పోవడం విధి రాత కాదు. మనుషులు తీసుకునే నిర్ణయం.

ఇంకా తీరని ముప్పు

ఈ పట్టికలో కనిపించని నష్టం కూడా ఉంది. అది మీకు తెలియాలి. ప్రోదెస్ కొలిచేది అడవి మొత్తం పోయిన చోట్లనే. ఏరి ఏరి ఖరీదైన చెట్లను కొట్టుకుపోతే, పైనుంచి చూసేవారికి పచ్చదనం మిగిలే ఉంటుంది. 1999-2002 మధ్య ఇలా ఏరి నరికిన ప్రాంతం ఏటా 12,000 నుంచి 20,000 చదరపు కిలోమీటర్లు ఉన్నట్టు ప్రత్యేక పద్ధతులతో పరిశీలించినప్పుడు బయటపడింది. పెద్ద చెట్టు ఒకటి కూలితే చుట్టూ ఎన్నో చెట్లు దెబ్బతింటాయి. గుబురులో పడిన కంత గుండా ఎండ నేలను తాకుతుంది. ఎప్పుడూ చెమ్మగా ఉండే అడవి నేల ఎండుతుంది. అప్పుడు పక్క బీడులో పెట్టిన నిప్పు లోపలికి పాకుతుంది.

బ్రెజిల్ అమెజాన్‌లో ఇప్పటికే దాదాపు అయిదో వంతు పోయింది. మొత్తం మీద 20 నుంచి 25 శాతం పోతే, వాన తిప్పుకునే చక్రం తెగి అడవిలో పెద్ద భాగం గడ్డిమైదానంగా మారవచ్చని థామస్ లవ్‌జాయ్, కార్లోస్ నోబ్రె అనే శాస్త్రజ్ఞులు 2018లో హెచ్చరించారు. 2010-2018 మధ్య విమానాల నుంచి గాలి నమూనాలు సేకరించిన లూసియానా గట్టి బృందం, ఆగ్నేయ అమెజాన్ ఇప్పుడు కార్బన్‌ను దాచడం కన్నా వదలడమే ఎక్కువని 2021లో ప్రకటించింది. 2023లో, మళ్లీ 2024లో, మనౌస్ నగరం దగ్గర నీగ్రో నది 1902లో కొలతలు మొదలైన నాటి నుంచి ఎన్నడూ లేనంతగా అడుగంటింది.

షికో మెండెస్ రిజర్వులోకి కూడా పశువుల మందలు చేరాయి. రబ్బరుకు ధర లేకపోతే కార్మికుడు ఏం తినాలి? సోయా వ్యాపారుల ఒప్పందం 2025లో వివాదాల పాలైంది. 2025 నవంబరులో అమెజాన్ ముఖద్వారం దగ్గరి బెలెం నగరంలో జరిగిన అంతర్జాతీయ వాతావరణ సభ సందర్భంగా, నిలిచి ఉన్న ప్రతి హెక్టారు అడవికీ ఏటా కొంత చెల్లించే కొత్త నిధిని ప్రారంభించారు. చెట్టు పడితేనే డబ్బు అన్న పాత లెక్కను తిరగరాయడమే దాని ఉద్దేశం.

మన అడవుల మాటేమిటి?

ఆంధ్ర, తెలంగాణల్లోని అడవులు చాలావరకు ఆకురాల్చేవి. మన దేశపు వర్షారణ్యాలు పడమటి కనుమల్లో, ఈశాన్య రాష్ట్రాల్లో, అండమాన్ నికోబార్ దీవుల్లో ఉన్నాయి. కేరళలోని సైలెంట్ వ్యాలీని ఆనకట్ట ముంపు నుంచి తప్పించి 1984లో జాతీయోద్యానంగా ప్రకటించారు. మరోవైపు గ్రేట్ నికోబార్ దీవిలో ఓడరేవు, విమానాశ్రయం, పట్టణం కోసం సుమారు 130 చదరపు కిలోమీటర్ల అడవిని మళ్లించేందుకు 2022లో ప్రాథమిక అనుమతి లభించింది. దానిపై వాదోపవాదాలు జరిగాయి.

మన దేశంలో కూడా 1987 నుంచి అటవీ సర్వే సంస్థ ఉపగ్రహ చిత్రాల ఆధారంగా అడవుల నివేదికలు ప్రచురిస్తోంది. వాటిని చదివేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. కనీసం ఒక హెక్టారు విస్తీర్ణంలో, నేలలో పది శాతానికి తగ్గకుండా చెట్ల నీడ ఉంటే, అది ఎవరి భూమి అయినా, ఏ చెట్లయినా ఆ నివేదికలో 'అటవీ ఆచ్ఛాదన' కిందికే వస్తుంది. తోటలు కూడా అందులో ఉంటాయి. ఒక చోట వర్షారణ్యం పోయి, మరో చోట నీలగిరి తోట వేస్తే మొత్తం అంకె మారకపోవచ్చు. కార్బన్, వాన, జీవజాతుల లెక్క మాత్రం మారిపోతుంది.

కాబట్టి 'అడవులు పెరిగాయి', 'తగ్గాయి' అన్న వార్త ఈసారి మీ కంట పడినప్పుడు నాలుగు ప్రశ్నలు వేసుకోండి. దేన్ని అడవిగా లెక్కించారు? ఎవరు కొలిచారు? ఆ కొలతను ఇతరులు సరిచూసేందుకు వీలుందా? దాన్ని చూసి ఎవరు ఏ చర్య తీసుకున్నారు? ఇస్రో వారి భువన్ వెబ్‌సైటులో మీ జిల్లా ఉపగ్రహ చిత్రాలు మీరే చూడవచ్చు. మీ భూగోళశాస్త్ర ఉపాధ్యాయుల సాయంతో మీ ఊరికి దగ్గరలోని అడవి పాత చిత్రాన్ని, కొత్త చిత్రాన్ని పక్కపక్కన పెట్టి పోల్చండి. తేడా కనిపించిన చోటుకు వెళ్లి, అక్కడి పెద్దలను అడగండి. పై నుంచి తీసిన చిత్రం ఏం పోయిందో చెబుతుంది. ఎందుకు పోయిందో చెప్పగలిగేది ఆ నేల మీద బతికేవాళ్లే.